సైక్లింగ్ టీమ్ ప్రెజెంటేషన్‌కు వెళ్లడం ఎలా: తేదీ పట్టుకోవడం నుంచి ఆటోగ్రాఫ్ దాకా

రోడ్డు పక్కన నిలబడి రేసు చూసినవాళ్లకు తెలిసిందే. గంటల తరబడి ఎదురుచూస్తే, మొత్తం గుంపు కొన్ని సెకన్లలో వెళ్లిపోతుంది. ఎవరు ఎవరో పోల్చుకునే లోపే రోడ్డు ఖాళీ. అందుకే చాలామంది అడిగే ప్రశ్న: రైడర్లను తీరిగ్గా, దగ్గర నుంచి చూడాలంటే ఏం చేయాలి?

దానికి దారి టీమ్ ప్రెజెంటేషన్. రేసు మొదలవడానికి ముందు ఒక్కో జట్టునూ వేదిక మీదకు పిలిచి జనానికి పరిచయం చేసే కార్యక్రమం ఇది. రైడర్లు సైకిళ్ల మీద నెమ్మదిగా వస్తారు, ఆగుతారు, మాట్లాడతారు. కానీ ఏ ఏర్పాటూ లేకుండా వెళ్తే జనం తలల మధ్య నుంచి పెద్ద తెర చూసి తిరిగి రావాల్సి ఉంటుంది. అలా కాకుండా ఉండాలంటే ఏ వరుసలో ఏం చేయాలో కింద ఉంది. ఎక్కువ వివరాలు టూర్ డి ఫ్రాన్స్‌వి (ఉత్త "టూర్" అన్నా అదే), ఎందుకంటే అందరూ అడిగేది దాని గురించే. మిగతా రేసులకు తేడా ఉన్న చోట చెప్పాను.

## 1. ఏ ప్రెజెంటేషన్‌కు వెళ్తున్నారో తేల్చుకోండి

అన్నీ ఒకేలా ఉండవు. మీరు వెళ్లేది ఏ రకమో తెలిస్తేనే మిగతా ఏర్పాట్లు కుదురుతాయి.

గ్రాండ్ టూర్లు. టూర్ డి ఫ్రాన్స్, జిరో డి ఇటాలియా, స్పెయిన్‌లో జరిగే వుయెల్టా. మూడు వారాలు సాగే పెద్ద రేసులివి. వీటికి పెద్ద వేదిక, సంగీతం, వేలల్లో జనం ఉంటారు. టూర్‌లో మామూలుగా మొదటి స్టేజ్‌కు, అంటే మొదటి రోజు రేసుకు, రెండు రోజుల ముందు జరుగుతుంది. రేసు శనివారం మొదలైతే ప్రెజెంటేషన్ గురువారం. 2023లో బిల్బావోలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం దగ్గర, 2024లో ఫ్లోరెన్స్‌లో, 2025లో లీల్ నగరంలోని గ్రాండ్ ప్లేస్‌లో గురువారమే జరిగింది. కానీ 2022లో కోపెన్‌హాగెన్‌లో రేసు శుక్రవారం మొదలైంది కాబట్టి ప్రెజెంటేషన్ బుధవారానికి జరిగింది. గురువారం అని గుడ్డిగా టికెట్లు బుక్ చేసుకుంటే దెబ్బతింటారు. రేసు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, తర్వాత అధికారిక ప్రకటనతో సరిచూసుకోండి. వుయెల్టాకు కూడా ఇదే లెక్క అనుకోవద్దు, ఆ ఏడాది కార్యక్రమం చూసుకోండి.

ఒక్కరోజు రేసులు. పారిస్-రూబే ఆదివారం. దాని ప్రెజెంటేషన్ ముందురోజు కంపియేన్‌లో. టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌కు రేసు రోజు ఉదయమే, బయల్దేరే ఊరి చౌరస్తాలో జరుగుతుంది. ఆ ఊరు ఈ మధ్య ఆంట్వెర్ప్, బ్రూజ్‌ల మధ్య మారుతూ వస్తోంది. ఇక్కడ హంగామా తక్కువ, రైడర్లు దగ్గరగా కనిపిస్తారు.

మహిళల రేసులు. టూర్ డి ఫ్రాన్స్ ఫామ్‌కు కూడా ప్రెజెంటేషన్ ఉంటుంది. పురుషుల టూర్ అంత తోపులాట ఉండదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

సీజన్ మొదట్లో జట్ల సొంత కార్యక్రమాలు. డిసెంబర్, జనవరి నెలల్లో ఉంటాయి. చాలావరకు స్పాన్సర్లకు, విలేకరులకే. అభిమానులను రానిచ్చే జట్లు ముందే ప్రకటించి పేర్లు నమోదు చేసుకుంటాయి. ఆహ్వానం లేకుండా హోటల్ బయట నిలబడొద్దు, అది వాళ్లు పనిచేసుకునే చోటు.

యూరప్ బయట ఉన్నవాళ్లకు ఇంకొకటి: జనవరిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగే టూర్ డౌన్ అండర్. అప్పటికి సీజన్ ఒత్తిడి ఇంకా పెరగదు. రేసంతా ఒకే నగరం చుట్టూ తిరుగుతుంది కాబట్టి రోజూ హోటల్ మారే పని కూడా లేదు.

## 2. మీకు కావాల్సింది ఒక్కటే ఎంచుకోండి

ఈ మొత్తం వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ అడుగే. దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

కార్యక్రమం మొత్తం చూడటం, మంచి ఫోటోలు తీయడం, ఆటోగ్రాఫ్ తీసుకోవడం... ఈ మూడింటికీ మూడు వేర్వేరు చోట్లు. మూడూ కావాలని అటూ ఇటూ పరిగెత్తితే మొదట దొరికిన చోటు పోతుంది, కొత్త చోటు దొరకదు. జనం నిండాక వెనక్కి వచ్చి నిలబడటం దాదాపు అసాధ్యం.

కాబట్టి ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి:

- మాటలు, నవ్వులు, వాతావరణం మొత్తం కావాలా? వేదిక ముందు.
- రైడర్లు సైకిల్ తొక్కుతున్న ఫోటోలు కావాలా? వేదికకు వచ్చే దారిలో, మలుపు దగ్గర.
- ఆటోగ్రాఫ్, ఒక మాట, కరచాలనం కాకపోయినా ఒక చిరునవ్వు కావాలా? రైడర్లు తమ వంతు కోసం ఆగే చోటు పక్కన.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే తలా ఒక చోటు పంచుకుని, తర్వాత ఫోటోలు ఇచ్చిపుచ్చుకోవచ్చు.

## 3. నెలల ముందు చేయాల్సినవి

ప్రవేశం. ఊరి చౌరస్తాలో జరిగే ప్రెజెంటేషన్లకు మామూలుగా టికెట్ ఉండదు. కానీ లోపలి ప్రాంగణాల్లో జరిగేవాటికి ఉండొచ్చు. 2014లో లీడ్స్‌లో ఒక ఇండోర్ అరీనాలో పెట్టి టికెట్లు అమ్మారు. 2022లో కోపెన్‌హాగెన్‌లో టివోలీ పార్కులో జరిగింది. అది మామూలు రోజుల్లోనే టికెట్ కొని వెళ్లాల్సిన పార్కు. ఆతిథ్య నగరం వెబ్‌సైట్‌లో "ఉచితం" అని ఉన్నా, ముందుగా ఆన్‌లైన్‌లో పాస్ తీసుకోవాలని షరతు ఉందేమో చివరిదాకా చదవండి.

బస. ఆ వారం నగరంలో గదులు జట్లకు, సిబ్బందికి, మీడియాకు ముందే వెళ్లిపోతాయి. నగరం మధ్యలోనే ఉండాలని పట్టుబట్టకండి. నేరుగా రైలు ఉండి అరగంట, నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఊరు చూసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, నిద్రా పడుతుంది. బుక్ చేసే ముందు రాత్రి చివరి రైలు ఎన్నింటికో చూడండి. ప్రెజెంటేషన్ సాయంత్రం మొదలై రాత్రి దాకా సాగొచ్చు.

వీసా. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంజెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ చివరి గడువు కాగితం మీద మాటే. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, కాబట్టి తేదీలు తేలగానే మొదలుపెట్టండి. టూర్ ఎప్పుడూ ఫ్రాన్స్‌లోనే మొదలవదు. 2026లో బార్సిలోనా, అది షెంజెన్‌లోనే ఉంది. 2027లో ఎడిన్‌బరో. అక్కడికి బ్రిటన్ వీసా వేరేగా తీసుకోవాలి. రేసుతో పాటు ఫ్రాన్స్‌కు కూడా వెళ్దామనుకుంటే రెండు వీసాలూ ఉండాలి.

తిరుగు ప్రయాణం. ప్రెజెంటేషన్ మర్నాడు ఖాళీగా ఉంచుకుని, మొదటి స్టేజ్ ఉదయం దాకా అక్కడే ఉండేలా చూసుకోండి. ఎందుకో 11వ అడుగులో తెలుస్తుంది.

## 4. ముందు వారం చదువుకోవాల్సినవి

రైడర్‌ను పోల్చుకోలేకపోతే అతను మీ పక్క నుంచి వెళ్లినా ఉపయోగం లేదు. టీవీలో చూసిన ముఖం హెల్మెట్, కళ్లద్దాల వెనక వేరేగా ఉంటుంది. ప్రెజెంటేషన్ రోజు వీపు మీద నంబర్ చాలాసార్లు ఉండదు కూడా. కాబట్టి కొంచెం చదువుకుని వెళ్లాలి.

ముందుగా స్టార్ట్ లిస్ట్, అంటే రేసులో పాల్గొనే రైడర్ల జాబితా. గ్రాండ్ టూర్‌లో జట్టుకు 8 మంది. 2025 టూర్‌లో 23 జట్లు, అంటే 184 మంది. మహిళల టూర్‌లో జట్టుకు 7 మంది. అందరినీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మీకు నిజంగా కావాల్సిన ఐదారుగురిని ఎంచుకుని, వాళ్ల ఈ ఏడాది ఫోటోలు చూడండి. పాత ఫోటోలు వద్దు. జట్టు మారి ఉండొచ్చు, జెర్సీ మారి ఉండొచ్చు.

తర్వాత జెర్సీలు. ఇక్కడే చాలామంది తికమకపడతారు.

- తెలుపు మీద ఇంద్రధనుస్సు పట్టీలుంటే ప్రపంచ ఛాంపియన్.
- దేశ పతాకం రంగులుంటే జాతీయ ఛాంపియన్. యూరప్‌లో జాతీయ పోటీలు ఎక్కువగా జూన్ చివర్లో, టూర్‌కు కాస్త ముందు జరుగుతాయి. అందుకే కొత్త ఛాంపియన్ ఆ జెర్సీ వేసుకుని జనం ముందుకు రావడం కొన్నిసార్లు ప్రెజెంటేషన్‌లోనే మొదలవుతుంది. ఆ వారం ఫలితాలు చూడకుండా వెళ్తే మీ అభిమాన రైడర్‌నే మీరు పోల్చుకోలేకపోవచ్చు.
- కొన్ని జట్లు టూర్ కోసం ప్రత్యేక జెర్సీ చేయించుకుంటాయి. రేసులో మొత్తం మీద ముందున్న రైడర్ వేసుకునే పసుపు లీడర్ జెర్సీతో కలిసిపోకుండా ఉండటం కూడా అందుకు ఒక కారణం.

సైకిల్ బ్రాండ్ కూడా సాయపడుతుంది. యూఏఈ జట్టు కోల్నాగో మీద, విస్మా జట్టు సెర్వేలో మీద, మూవీస్టార్ కాన్యన్ మీద వస్తారు. ఫ్రేమ్ పై గొట్టం మీద రైడర్ పేరు, దేశం జెండా చిన్న స్టిక్కర్‌గా ఉంటాయి. వాళ్లు ఆగి ఉన్నప్పుడు ముఖం తెలియకపోతే ముందు అది చదవండి.

చివరగా జట్ల వరుస. నిర్వాహకులు ముందురోజో అదే రోజో ఏ జట్టు ఎన్నింటికో ప్రకటిస్తారు. పోయినసారి గెలిచినవాడి జట్టు, ఆతిథ్య దేశపు జట్లు తరచూ చివర్లో వస్తాయి. ఆ పట్టికను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే జనం పెరిగాక ఇంటర్నెట్ పనిచేయదు. పట్టిక దొరక్కపోతే జట్టుకు సుమారు ఐదు నిమిషాలు వేసుకోండి. 23 జట్లకు రెండు గంటలు పడుతుంది.

## 5. సంచిలో ఏముండాలి

ఫ్రాన్స్‌లో, మిగతా చోట్ల కూడా లోపలికి వెళ్లేటప్పుడు సంచులు తనిఖీ చేస్తారు. చిన్న సంచి ఒక్కటే తీసుకెళ్లండి. సూట్‌కేస్‌తో నేరుగా స్టేషన్ నుంచి వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, దాన్ని హోటల్లోనో స్టేషన్ లాకర్‌లోనో వదిలి రండి.

☐ నీళ్లు, ప్లాస్టిక్ సీసాలో. గాజు సీసా, డబ్బా వద్దు
☐ తినడానికి ఏదైనా, చేతికి జిడ్డు అంటనిది
☐ టోపీ, సన్‌స్క్రీన్. జూన్ చివర్లో అక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది, సాయంత్రం ఆరింటికి కూడా ఎండ చురుక్కుమంటుంది
☐ పలుచని రెయిన్‌కోట్. గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం
☐ పవర్ బ్యాంక్, కేబుల్
☐ పర్మనెంట్ మార్కర్లు రెండు: ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు
☐ సంతకం కోసం గట్టి అట్ట
☐ జట్ల వరుస, తిరుగు రైళ్ల టైమ్‌లు, కాగితం మీద కూడా
☐ గుర్తింపు కార్డు
☐ పిల్లలుంటే చెవులకు రక్షణ ఇచ్చే ఇయర్‌మఫ్స్. స్పీకర్ల మోత చాలా ఎక్కువ

డ్రోన్ సంగతి అసలు తలపెట్టకండి. ఆ రోజు ఆకాశంలో ఆంక్షలుంటాయి.

## 6. చోటు ఎంచుకోవడం

అందరూ వేదిక ముందుకే పోతారు. అక్కడ నిలబడటంలో తప్పేం లేదు, కానీ అదొక్కటే చోటు అనుకోవడం తప్పు. ప్రెజెంటేషన్ ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతా చోట్లు వాటంతట అవే కనిపిస్తాయి.

రైడర్లు ముందు హోటల్ నుంచో, బస్సులు ఆపిన చోటు నుంచో సైకిళ్ల మీద బయల్దేరతారు. బారికేడ్లు కట్టిన దారిలో ఊరి మధ్య నుంచి నెమ్మదిగా వస్తారు. 2024లో ఫ్లోరెన్స్‌లో పాలాజ్జో వెక్కియో నుంచి పియాజ్జాలే మికెలాంజెలో దాకా, అంటే నగరం మధ్య నుంచి నది అవతలి కొండ మీద దాకా ఈ దారి సాగింది. అలాంటప్పుడు వేదిక దగ్గర కంటే దారి పొడవునా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఉంటుంది.

దారి చివర వేదిక వెనకో పక్కనో ఒక వెయిటింగ్ ఏరియా ఉంటుంది. ముందు జట్టు దిగేదాకా తర్వాతి జట్లు అక్కడ ఆగుతాయి. ఆ తర్వాత ర్యాంప్ ఎక్కి వేదిక మీదకు, అక్కడ ప్రశ్నలు, మళ్లీ దిగి మీడియా ఇంటర్వ్యూలకు, అక్కడి నుంచి వచ్చిన దారినో వేరే దారినో వెనక్కి.

ఇప్పుడు ఒక్కో చోటు సంగతి.

వేదిక ముందు. కార్యక్రమం వినడానికి ఇదే మంచిది. కానీ ముందు వరుస దొరికితేనే. ఐదారు వరుసలు వెనకైతే ముందున్నవాళ్లు ఎత్తిన ఫోన్లే కనిపిస్తాయి. ముందు వరుస దొరకనప్పుడు వేదికకు మరీ ఎదురుగా కాకుండా, ర్యాంప్ దిగే వైపు ఒక పక్కకు జరగండి. ఆ మూల జనం తక్కువగా ఉంటుంది, దిగేటప్పుడు రైడర్లు ఆ వైపే చూస్తారు. వేదిక పడమటి వైపు తిరిగి ఉంటే మీ వీపుకు ఎండ, వాళ్ల ముఖానికి వెలుగు. తూర్పు వైపు తిరిగి ఉంటే మీ కళ్లలోనే సూర్యుడు. ఇది పగలే వెళ్లి చూసుకోవాలి.

దారిలో. ఫోటోలకు మలుపు బాగుంటుంది. రైడర్లు వేగం తగ్గిస్తారు, ముఖాలు మీ వైపు తిరుగుతాయి. మలుపు బయటి అంచున నిలబడితే ఎనిమిది మందీ ఒకే ఫ్రేమ్‌లో పడతారు. రాళ్లు పరిచిన వీధిలో, చిన్న ఎత్తు దగ్గర కూడా నెమ్మదిస్తారు. బారికేడ్ మీద చేతులు, ఫోన్లు ముందుకు చాచొద్దు. రేసుకు రెండు రోజుల ముందు అభిమాని చేయి తగిలి కింద పడితే ఆ రైడర్ ఏడాది కష్టం పోయినట్టే.

వెయిటింగ్ ఏరియా పక్కన. నన్నడిగితే అన్నిటికంటే మంచి చోటు ఇదే. ఎందుకంటే రైడర్‌కు చేయడానికి ఏ పనీ లేని నిమిషాలు ఆ రోజు మొత్తంలో ఇక్కడే ఉంటాయి. ఆగి ఉంటారు, పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటారు, కొందరు బారికేడ్ దగ్గరకు వస్తారు. వేదిక మీద కనిపించే మర్యాద నవ్వు కాదు, వాళ్లు మామూలుగా ఎలా ఉంటారో ఇక్కడ కనిపిస్తుంది. అయితే కొన్ని ఊళ్లలో దీన్ని పూర్తిగా మూసేస్తారు. తెరలు కట్టేసి ఉంటే సమయం వృథా చేయకుండా వెనుదిరిగే దారికి వెళ్లండి.

ముందురోజు లేదా అదే రోజు ఉదయం ఒకసారి ఆ చుట్టుపక్కల నడవండి. బారికేడ్లు అప్పటికే వేసి ఉంటాయి. ఎక్కడ ఇరుకు, ఎక్కడ నీడ, టాయిలెట్ ఎటు, గేట్లు ఎన్ని? మ్యాప్‌లో తెలియనివన్నీ కాలినడకన తెలుస్తాయి. వాలంటీర్లను మర్యాదగా అడిగితే రైడర్లు ఏ వైపు నుంచి వస్తారో చెప్పేస్తారు.

## 7. ఆ రోజు గంటల వారీగా

కార్యక్రమం సాయంత్రం 6:30కి మొదలవుతుందనుకుందాం.

ఉదయం. చోటు చూసి రావడం. కడుపు నిండా తినడం. మధ్యాహ్నం కాసేపు పడుకోగలిగితే ఇంకా మంచిది, రాత్రి దాకా నిలబడాలి.

3:30. వేదిక ముందు వరుస కావాలంటే ఈపాటికి అక్కడుండాలి. ఆతిథ్య దేశానికి పెద్ద స్టార్ ఉంటే ఇంకా ముందు. 2022లో కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ రైడర్ యోనాస్ వింగెగార్డ్ సొంతవాళ్ల కేకలకు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంతటి అభిమానం ఉన్న ఊళ్లో రెండు గంటల ముందు వెళ్తే వెనక వరుసే.

5:00. దారిలోనో వెయిటింగ్ ఏరియా పక్కనో నిలబడేవాళ్లకు ఈ సమయం చాలు. చివరిసారి టాయిలెట్‌కు వెళ్లి రండి.

5:45. మొదటి జట్లు కదలడం మొదలవుతుంది. చిన్న జట్లు ముందు వస్తాయి, అప్పటికి జనం పూర్తిగా అలర్ట్ అవ్వరు. రైడర్లు తేలిగ్గా దొరికే సమయం ఇది. పెద్ద పేర్ల కోసమే చూస్తూ వీళ్లను వదిలేయకండి. రేపు బ్రేక్‌అవేలో (గుంపును వదిలి ముందుకు దూసుకెళ్లే కొద్దిమందితో) వెళ్లి స్టేజ్ గెలిచేవాడు ఈ గుంపులోనే ఉండొచ్చు. ఇప్పుడు మీరు పేరు పెట్టి పిలిస్తే అతను ఎంత సంతోషంగా తిరిగి చూస్తాడో!

6:30 నుంచి 8:30. మీ చోటు వదలొద్దు. పట్టిక చూసుకుంటూ, మీకు కావాల్సిన జట్టుకు రెండు జట్ల ముందు నుంచే కెమెరా, మార్కర్ సిద్ధంగా పెట్టుకోండి.

చివరి రెండు జట్లు. అందరూ ముందుకు తోస్తారు. పిల్లలుంటే దీనికి ముందే పక్కకు తప్పుకోండి.

## 8. ఆటోగ్రాఫ్ అడిగే పద్ధతి

పద్ధతి తెలిసినవాళ్లకు పది సెకన్లలో పని అవుతుంది.

1. మార్కర్ మూత ముందే తీసి ఉంచండి. రైడర్ ఎదురుగా నిలబడ్డాక మూత తీయడానికి తంటాలు పడితే అతను పక్కవాళ్ల దగ్గరకు వెళ్లిపోతాడు.
2. సంతకం చేయించుకునేది అట్ట మీద బిగించి, అడ్డంగా పట్టుకోండి. ముదురు రంగు జెర్సీకి వెండి మార్కర్, తెల్లదానికి నలుపు. బట్టను రెండు చేతులతో లాగి పట్టుకోకపోతే గీతలు ముద్దయిపోతాయి.
3. పేరు పెట్టి పిలవండి, మొదటి పేరుతో. పొగాచర్‌ను తదేయ్, వింగెగార్డ్‌ను యోనాస్, ఎవెనెపోల్‌ను రెమ్కో అంటే చాలు. అరవకండి, స్పష్టంగా ఒక్కసారి.
4. ఒక్క వస్తువే ఇవ్వండి. నాలుగు కార్డులు చాపితే అమ్ముకునేవాళ్లు అనుకుంటారు.
5. ఒక్క వాక్యం మాట్లాడండి. అతను ఈ మధ్య చేసిన ఒక మంచి రైడ్ పేరు చెబితే అది అతనికి చేరుతుంది. "గుడ్ లక్" రోజంతా విని ఉంటాడు.
6. పక్కన పిల్లలుంటే వాళ్లను ముందుకు రానివ్వండి. రైడర్లు ముందు చిన్నవాళ్ల దగ్గరికే వస్తారు, మీరు వెనకే ఉంటారు కాబట్టి మీకూ అందుతుంది.

ఒక విషయం దయచేసి అర్థం చేసుకోండి. చాలామంది రైడర్లు ఆ రోజు చేయి కలపరు. గర్వం కాదు. మూడు వారాల రేసుకు ముందు చిన్న జలుబు పట్టినా నెలల సాధన వృథా. చేయి చాచకండి, భుజం మీద చేయి వేసి సెల్ఫీ తీసుకోకండి. మీకే దగ్గు, జలుబు ఉంటే మాస్క్ పెట్టుకుని దూరంగా నిలబడి చూడండి. అభిమానం చూపించడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

సైకిల్‌ను ముట్టుకోవడం కూడా వద్దు. సీటు ఎత్తు, హ్యాండిల్‌బార్ కొలతలు మిల్లీమీటర్లలో సరిచేసి ఉంటాయి.

నీళ్ల సీసా, టోపీ లాంటివి అడగాలనిపిస్తే రైడర్‌ను కాకుండా జట్టు సిబ్బందిని అడగండి. అడగడం ఒక్కసారే. లేదంటే నవ్వి వదిలేయండి.

## 9. ఫోటోలు, వీడియో

ఫోన్ ఉన్నవాళ్లు డిజిటల్ జూమ్ వాడకండి, దగ్గరికి వచ్చేదాకా ఆగి బర్స్ట్‌లో (వరసగా చాలా ఫోటోలు తీసే మోడ్‌లో) తీయండి. ముందు వెళ్లే రైడర్ మీద ఫోకస్ లాక్ చేసి పెట్టుకుంటే సగం పని అయినట్టే.

కెమెరా ఉంటే దారిలో వచ్చేవాళ్లకు షట్టర్ 1/500 నుంచి 1/1000 మధ్య. వెనకంతా కదిలినట్టు రావాలంటే 1/60కి తగ్గించి, రైడర్‌తో పాటు కెమెరాను సాఫీగా తిప్పండి. ఎక్కువ ఫోటోలు పాడవుతాయి, వచ్చిన ఒకటి మాత్రం బాగా వస్తుంది.

వేదిక దగ్గర సమస్య వేరు. వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటుంది, ఫోటోలో దాని మీద నల్ల చారలు పడతాయి. షట్టర్ 1/100కో 1/50కో మార్చి చూడండి. యూరప్‌లో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్ల మినుకుమినుకు ఆ విలువల దగ్గర చాలావరకు తగ్గుతుంది. వీడియోకు సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు పెట్టండి. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు.

రెండు జట్లను ఫోన్‌లోంచి కాకుండా కళ్లతో చూడాలని ముందే అనుకుని వెళ్లండి. ఏ రెండో మీ ఇష్టం.

## 10. పిల్లలతో, వీల్‌చైర్‌తో

వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు పెద్ద ప్రెజెంటేషన్లలో ప్రత్యేక ఎత్తైన చోటు ఉండే అవకాశం ఉంది. దానికి ముందుగా నగరపాలక సంస్థకో నిర్వాహకులకో రాసి అడగాలి, అక్కడికి వెళ్లాక అడిగితే నిండిపోయి ఉండొచ్చు. పిల్లల చేతికి మీ ఫోన్ నంబర్ రాసిన పట్టీ కట్టండి, తప్పిపోతే కలుసుకునే చోటు ముందే చూపించండి. స్ట్రోలర్ ముందు వరుసలోకి రాదు.

## 11. పొరపాట్లు, వాటికి పరిష్కారాలు

ఆలస్యమైంది, వేదిక కనిపించడం లేదు. లోపలికి చొచ్చుకుపోవడానికి ప్రయత్నించకండి. వెంటనే బయటికి వచ్చి రైడర్లు వెనక్కి వెళ్లే దారి వెతకండి. అక్కడ ఇంకా ఎవరూ చేరి ఉండరు.

మీ అభిమాన జట్టు ముందే వెళ్లిపోయింది. వేదిక దిగాక ఇంటర్వ్యూలు ఉంటాయి, పేరున్న రైడర్ మిగతా జట్టు కంటే ఆలస్యంగా బయటికి వస్తాడు. జట్టు పోయిందని మీరూ కదిలిపోవద్దు.

వర్షం మొదలైంది. రైడర్లు ఆగరు, దారిలో మాత్రం వేగంగా వెళ్లిపోతారు. జనం పలచబడతారు కాబట్టి వేదిక ముందుకు వెళ్లడానికి ఇదే అదను.

స్టార్ట్ లిస్ట్‌లో ఉన్న రైడర్ రాలేదు. జబ్బు వల్లో గాయం వల్లో చివరి నిమిషంలో మార్పులు జరుగుతాయి. ఉదయం ఒకసారి జట్టు ప్రకటన చూసి బయల్దేరండి.

తోసుకుంటున్నారు, భయమేస్తోంది. పక్కకు, అడ్డంగా కదులుతూ బయటికి రండి. ఎదురు నడవొద్దు. చోటు గురించి ఆలోచించొద్దు.

మొత్తానికి ఏమీ దొరకలేదు. అప్పుడు మీరు ఖాళీగా ఉంచుకున్న రోజు పనికొస్తుంది. ప్రెజెంటేషన్ మర్నాడు జట్లు మొదటి స్టేజ్ దారిని తొక్కి చూసుకుంటాయి. ట్రాఫిక్ ఉండే మామూలు రోడ్ల మీదే చాలాసార్లు. నగరం బయట మొదటి ఎత్తు దగ్గర ఉదయం పది నుంచి నిలబడితే జట్టు వెనక జట్టు వస్తుంది. జనం ఉండరు, బారికేడ్లుండవు. వాళ్లు సాధనలో ఉంటారు కాబట్టి ఆపకండి, చప్పట్లు కొట్టండి చాలు.

ఇక స్టేజ్ ఉదయం. ప్రతి స్టేజ్‌కు ముందు జట్లన్నీ సైన్-ఆన్ (రేసుకు హాజరైనట్టు సంతకం చేసే) వేదిక మీదకు వచ్చి వెళ్తాయి, ఇది రేసు ఉన్నన్ని రోజులూ జరిగే చిన్న ప్రెజెంటేషన్. రేసు మొదలవడానికి గంటన్నర ముందే అక్కడుండి, బస్సులున్న వైపు నుంచి వేదికకు వచ్చే దారి పక్కన నిలబడండి. రెండోరోజు, మూడోరోజు చిన్న ఊళ్లలో స్టేజ్ మొదలైతే ఇంకా తేలిక. ఏ జట్టు ఏ సమయానికి వస్తుందో ఉదయమే ప్రకటిస్తారు, ఆ పట్టికను కూడా ఫోటో తీసి పెట్టుకోండి.